పెద్దఱికమును పడకకుర్చీయు

షష్టిపూర్తి వైభవముగ జరిగినది. బంధువులు వచ్చిరి, ఆశీర్వచనములైనవి, క్రొత్తబట్టలు కట్టబెట్టిరి, వచ్చినవారు తాంబూలములు గైకొని వెడలిపోయిరి. ఆ మఱునాటినుండి ఆ యింట నొక విచిత్రమైన మార్పు కనబడును. యజమాని బజారునకు బోవ సంచి చేతబట్టుకొనగానే కుమారుడు వచ్చి దానిని లాగుకొనును. "మీకెందుకు నాన్నగారూ యీ శ్రమ? నేను తెచ్చెదను గదా!" యనును. మొక్కలకు నీళ్లుపోయ బోగా కోడలు పరుగెత్తుకొని వచ్చును. మేడమెట్లెక్కబోగా మనుమడు వారించును. ఇట్లొక్కొక్క పనియే యాయన చేతినుండి జాఱిపోయి, తుదకు మూడు మాత్రమే మిగులును: వార్తాపత్రిక, కాఫీ, పడకకుర్చీ. ఇదియంతయు ప్రేమచేతనే జరుగుచున్నది. గౌరవము పేరనే జరుగుచున్నది. అందుచేతనే దీనిలోని కీడు ఎవ్వరికిని గోచరింపదు.

"కృష్ణా రామా యనుకొనుచు కూర్చుండవలసిన వయస్సు" అని మనవారు పెద్దలను గుఱించి చెప్పుకొనుట గలదు. ఈ మాటలో కృష్ణునియందును రామునియందును దోషము లేదు. దోషమంతయు "కూర్చుండవలసిన" యనుటలో నున్నది. రాముడు పదునాలుగేండ్లు కాలినడకన నడవులు తిరిగినవాడు. కృష్ణుడు బాల్యమంతయు నాలమందలవెంట నడచినవాడు. అట్టివారి నామము జపించుచు కదలక మెదలక యొక మూల నుండుటయే భక్తియని మనము నిర్ణయించుకొంటిమి! మన ధర్మశాస్త్రములు చెప్పిన వానప్రస్థము సైతము కుర్చీలో సాగునది గాదు. సమిధలు తానే యేరుకొని, నీరు తానే తెచ్చుకొని, యడవిలో బ్రతుకవలసిన యాశ్రమమది.

2011 జనాభా లెక్కలనాటికే మన దేశమున నఱువదియేండ్లు నిండినవారు పదికోట్లకు మించియుండిరి. ఆ సంఖ్య నానాటికి పెరుగుచునే యున్నది. ఆయుర్దాయము పెరుగుట దేశమునకు శుభమే. కాని పెరిగిన యేండ్లను మనవారు కాళ్లపై నిలువబడి గడుపుదురా, మంచముపై గడుపుదురా యనునదియే ప్రశ్న. ఈ విషయమున మొదట మొరాయించునది మోకాలు గాదు, మనస్సు. ఆ మనస్సును మరల్చుకొను మార్గమును విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ముందుగా దేహము మాట చూతము. నడివయస్సు దాటినపిదప కండరములు క్రమముగ సన్నగిల్లుట ప్రకృతిధర్మము. అయినను ఆ క్షీణతలో వయస్సు చేసిన పని కొంత, వాడుక లేకపోవుట చేసిన పని కొంత. మన మా రెండింటిని కలిపి "ముసలితనము" అను నొకే పేరుతో పిలుచుచున్నాము. వారము పది దినములు జ్వరముతో మంచముపట్టి లేచిన పెద్దవారి తొడలను పరిశీలించినచో, వాడుక లేని కండ యెంత త్వరితముగ కరగిపోవునో తెలియగలదు. దీనికి ప్రతిగా నింకొక సత్యమును గలదు: వాడినచో నది మరల పెరుగును. 1990లో అమెరికాలోని బోస్టన్ నగరమున నొక వృద్ధాలయములో 86 మొదలు 96 ఏండ్లవఱకు వయస్సు గల పదిమంది దుర్బలులచే ఫియాటరోన్ అను వైద్యురాలును, ఆమె సహచరులును ఎనిమిది వారములపాటు కాళ్లతో బరువులెత్తు నభ్యాసము చేయించిరి. తొమ్మండ్రు తుదివఱకు సాగించిరి. వారి తొడకండరముల బలము సగటున నూటికి 174 వంతులు పెరిగినది. అనగా మునుపటికి రెండున్నర రెట్లు మించినది. తొంబదియేండ్లకు లొంగిన దేహమొకటి అఱువదియేండ్లకు లొంగదా?

ఇంతకంటె విస్తారమైన పరీక్ష యొకటి 2014లో అచ్చటనే వెలువడినది. 70 మొదలు 89 ఏండ్లవఱకు గల, కదలక కూర్చుండుటకు అలవాటుపడిన 1,635 మందిని రెండు భాగములుగ విభజించిరి. ఒక భాగమువారికి నడకయు, కాలిబలము, నిలుకడ పెంచు నభ్యాసములును నేర్పిరి. రెండవ భాగమువారికి ఆరోగ్యోపన్యాసములు వినిపించిరి. సుమారు రెండున్నరయేండ్లు కనిపెట్టి చూడగా, నాలుగువందల మీటర్లు నడువలేని స్థితికి వచ్చినవారు ఉపన్యాసములు విన్నవారిలో నూటికి 35.5 మంది, నడచినవారిలో 30.1 మంది. భేదము బ్రహ్మాండమైనది కాదని యొకరనవచ్చును. కాని యింటినుండి దేవాలయమునకు నడచిపోగలుగుటయా, పోలేకుండుటయా యను విషయమున, ఆ భేదములో పడినవారికి అదియే సర్వస్వము.

ఇచ్చట సంస్కృతము చదివిన పెద్దలొకరు మమ్మడ్డగింపవచ్చును. "వాగ్భటుడు బాలురను, వృద్ధులను, అజీర్ణరోగులను వ్యాయామము మానుమని చెప్పినాడు గదా!" యందురు. నిజమే, అష్టాంగహృదయమున నట్లే యున్నది. అయితే వాగ్భటుని కాలమున వ్యాయామమనగా మల్లులు చేయునట్టి కఠినపరిశ్రమ. బలవంతులును, నెయ్యి పాలు పుష్కలముగ సేవించువారును సైతము దానిని తమ శక్తిలో సగమునకు మించి చేయరాదని యాయన యాదేశించెను. సుశ్రుతుడన్ననో, వ్యాయామశీలుని ముసలితనము హఠాత్తుగ నాక్రమింపజాలదని చెప్పి, వ్యాయామమునకు వేఱుగ నింకొకదానిని ప్రశంసించెను. దాని పేరు చంక్రమణము. అనగా దేహమును మిక్కిలి నొప్పింపని నడక. అది యాయుస్సును, బలమును, బుద్ధిని, జఠరాగ్నిని వృద్ధిపఱచి యింద్రియములను మేల్కొల్పునని యాయన మతము. కావున శాస్త్రము పెద్దలకు నిషేధించినది కుస్తీయే కాని కదలిక కాదు. వాగ్భటుని చాటున పడకకుర్చీని దాచుట న్యాయము గాదు.

దేహమునకు శక్తి గలదు; శాస్త్రమునకు సమ్మతము గలదు. ఇక మిగిలినది మనస్సు. ఈ విషయమున మాకు కనువిప్పు కలిగించినది గ్రంథము గాదు, మా మేనమామగారు.

ఆయన గోదావరి డెల్టాలో నొక కాలువగట్టు గ్రామమున నున్నారు. ఒకనాడు తెల్లవాఱకముందే చేనికి బోయి గట్లన్నియు తిరిగి వచ్చినగాని పండ్లు తోముకొనని మనిషి. షష్టిపూర్తి యైనపిదప మేమందఱమును చెప్పి చెప్పి భూమిని కౌలుకిప్పించితిమి. ఆయన చేతిసంచి లాగుకొన్నవారిలో నేనును ఒకడను. మామయ్యగారు అరుగుమీద పడకకుర్చీలో స్థిరపడిరి. మూడునాలుగేండ్లు గడచునప్పటికి పీటపై కూర్చుండి భోజనముచేయు నలవాటు పోయినది. కూర్చున్న పిమ్మట లేవలేకుండిరి. ఒక వానకాలపు రాత్రి పెరటిలో కాలుజాఱి పడిరి. అదృష్టవశమున తుంటియెముక విఱుగలేదు. కాని భయము పట్టుకొన్నది. అప్పటినుండి యత్తయ్య చేయిపట్టుకొన్నగాని స్నానమునకు బోరు. "నన్ను నీళ్లగదికి నడిపించుకొనిపోవలసిన దినము వచ్చినదిరా" యని యొకనాడు నాతో మెల్లగ ననిరి. ఆ మాట చెప్పుచు నా మొగము చూడలేదు.

నేను పత్రికలవాడను గావున నా యాయుధమును నేను ప్రయోగించితిని. పక్షవాతము, గుండెపోటు, మధుమేహము - కూర్చున్నవానికి వచ్చు వ్యాధులన్నిటిని వరుసగ వర్ణించితిని. ఆయన శాంతముగ విని, "ఊరు పొమ్మనుచున్నది, కాడు రమ్మనుచున్నది. ఇప్పుడు నాకు కసరత్తేమిటిరా, అబ్బాయీ!" యని కన్నులు మూసికొనిరి.

ఆ యేడు సార్వా నాట్లవేళ కౌలుదారు పరుగున వచ్చెను. బోదెగట్టునకు గండిపడినది, గట్టు మరల వేయబోగా హద్దురాయి యెచ్చటనో తెలియక ప్రక్కచేనివానితో తగవు వచ్చినది. ఆ రాయి యెచ్చట పూడియున్నదో యెఱిగినవారు ఊరిలో నొక్కరే; ఆయన కుర్చీలో నున్నారు. మామయ్యగారు లేచిరి. ఒకచేత కఱ్ఱ, రెండవచేయి కౌలుదారు భుజముమీద. అరమైలు దూరమునకు మూడుచోట్ల కూర్చుండి, గంటసేపటికి చేరిరి. రాయి కనబడినది, తగవు తీఱినది. ఇంటికి వచ్చునప్పటికి కాళ్లు వాచినవని యత్తయ్య మాపై మండిపడినది. కాని మఱునాడుదయమున చెప్పులు తెమ్మని యడిగినవారు మామయ్యగారే. "బోదెలో నీరు పాఱుచున్నదో లేదో చూచివచ్చెదను" అనిరి. అటుపిమ్మట ప్రతిదినమును ఏదో యొక నెపమే: నేడు నీరు, రేపు కలుపు, ఎల్లుండి యెలుకబొరియలు. నాలుగుమాసములకు ఎవరి యూతయు లేక పోయివచ్చుచుండిరి. నేటికిని నేలమీదినుండి లేచునప్పుడు గోడ పట్టుకొందురు; మోకాలినొప్పియు పూర్తిగ పోలేదు. కాని నీళ్లగదికి తామే పోవుదురు. వ్యాయామమను మాట మాత్రము నేటివఱకు వారి నోట వెలువడలేదు.

నా బెదరింపు సాధింపనిదానిని హద్దురాయి యెట్లు సాధించినది? ఇందు కాకతాళీయము కొంత లేకపోలేదు. అయినను మనస్తత్వశాస్త్రజ్ఞులు కనుగొన్న సత్యములు కొన్ని యిచ్చట సరిగ సరిపోవుచున్నవి.

మొదటిది: పెద్దవారియందు భయముకంటె ప్రీతి యెక్కువ పని చేయును. నాథాఫ్, కార్‌స్టెన్‌సెన్ అను నిద్దఱు పరిశోధకురాండ్రు 2014లో ప్రకటించిన పరిశోధనలో, కొందఱికి నడచినచో కలుగు మేలును, కొందఱికి నడువకున్నచో కలుగు కీడును వివరించి, వారి యడుగులను యంత్రముతో లెక్కించిరి. యౌవనవంతులయందు ఏ భేదమును కనబడలేదు. వృద్ధులలో మాత్రము మేలు విన్నవారే యధికముగ నడచిరి. ఇది వింతగాదు. మున్ముందు బ్రతుకవలసిన కాలము కొద్దియని యెఱిగినవానికి, ఇరువదియేండ్లకు రాబోవు రోగముమీది వెఱపుకంటె నేటి యుదయపు సంతోషమే యెక్కువ విలువగలది. కావున తల్లిదండ్రులను వ్యాధులపేర భయపెట్టు కుమారులారా! మీరు చేయునది మేలు గాదు. మీ మాటలచే వారు నడువకపోగా దిగులుకూడ పడుదురు.

రెండవది: తన్ను గుఱించి తాననుకొనునది దేహమునుగూడ శాసించును. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున నొక పట్టణమందు 50 ఏండ్లు దాటిన 660 మందిని, తమ వృద్ధత్వమును గుఱించి వారేమనుకొనుచున్నారో 1975లో ప్రశ్నించియుండిరి. ఇరువదియేండ్లకు పైబడి గడచినపిదప బెక్కా లెవీ యనునామె వారి యాయుర్దాయములను పోల్చి 2002లో ప్రకటించెను. వార్ధక్యమును మంచిదృష్టితో చూచినవారు తక్కినవారికంటె సుమారు ఏడున్నరయేండ్లు అధికముగ జీవించిరి. అప్పటి యారోగ్యపు తారతమ్యములను లెక్కలోనికి దీసికొన్నను ఆ భేదము పోలేదు. కేవలము తలంపే ఆయుస్సు నిచ్చినదని యింతమాత్రమున తీర్మానింపరాదు. కాని "నా పని యైపోయినది" అనుకొన్నవాడు కఱ్ఱ మూలబెట్టుననియు, "ఇంకను నాతో పని యున్నది" అనుకొన్నవాడు చెప్పులు తొడుగుననియు మన మెఱుగుదుము గదా!

మూడవది: ధైర్యము మాటలచే రాదు; చేతచే వచ్చును. "ఇది నేను చేయగలను" అను నమ్మకము మనుష్యునకు నాలుగు దారుల వచ్చునని ఆల్బర్ట్ బండూరా 1977లో సిద్ధాంతీకరించెను. స్వయముగ చేసి నెగ్గుట యొకటి; తనవంటివాడు చేయగా చూచుట రెండు; ఇతరుల ప్రోత్సాహము మూడు; తన శరీరపు సూచనలను సరిగ గ్రహించుట నాలుగు. వీనిలో మొదటిదే బలీయము. ఉత్సాహము కలిగినపిమ్మట నడచెదననువాడు ఎన్నటికిని గడప దాటడు. నడచినవానికే యుత్సాహము కలుగును. బావిలో నీరున్నదో లేదో తోడినగాని తెలియదు.

ఇక నాచరణమునకు వత్తము. ప్రారంభము మిక్కిలి చిన్నదిగ నుండవలయును. ఎంత చిన్నదనగా, ఓడిపోవుటకు వీలులేనంత చిన్నది. మొదటి వారము వీధిచివఱి వేపచెట్టువఱకు పోయి వచ్చిన చాలును. గెలుపు రుచి చూచిన మనస్సు తానే ముందునకు లాగును. మొదటిదినముననే గంటసేపు నడచి, రెండవదినమున మంచమెక్కి, మూడవదినమున "నాకిది పడదు" అని తీర్పు చెప్పువారే మనలో నెక్కువ.

సమయమును, స్థలమును ముందుగ నిర్ణయింపవలయును. "రేపటినుండి నడచెదను" అనుట కోరిక మాత్రమే. "ఉదయము కాఫీ త్రాగి గ్లాసు క్రింద పెట్టగానే చెప్పులు తొడిగి చెఱువుగట్టునకు పోయెదను" అనునది నిశ్చయము. ఎప్పటినుండియో యున్న యలవాటునకు క్రొత్తయలవాటును ముడివేసినచో, ప్రతిదినమును మనస్సుతో వాదులాడవలసిన యవసరముండదు. లండన్‌లో 2010లో ప్రకటించిన యొక పరిశోధనలో, ఒక క్రొత్తపని తనంతట జరుగునట్టి యలవాటుగ మాఱుటకు మధ్యస్థముగ 66 దినములు పట్టినది. కొందఱికి 18 దినములే చాలగా, కొందఱికి 254 దినములు పట్టునని లెక్క తేలినది. కావున రెండుమాసములవఱకు రుచింపలేదని నిరాశపడరాదు. ఒకదినము తప్పినంతమాత్రమున అలవాటు చెడదనికూడ అందే తెలిసినది. పెండ్లికి పోయి నాలుగుదినములు మానినవాడు అయిదవనాడు సిగ్గుపడక మరల మొదలుపెట్టవలెను.

తోడు కావలయును. జపానుదేశమున 1928నుండి రేడియోలో వ్యాయామగీతమును ప్రసారముచేయు నాచారము గలదు. యుద్ధానంతరము కొంతకాల మాగి, నేటి రూపమున 1951లో మరల ప్రారంభమైనది. ఉదయము ఆఱున్నరగంటలకు వృద్ధులు ఉద్యానములలో గుమిగూడి, ఆ సంగీతమునకు సరిగ చేతులు కాళ్లు కదలింతురు. ఒకరు రాకున్న రెండవవారు విచారింతురు. మన పట్టణములలోని పార్కులలోను, పల్లెలలోని చెఱువుగట్లమీదను ఇద్దఱు ముగ్గురు స్నేహితులు కలిసినచో ఇదే సిద్ధించును. రచ్చబండమీద కూర్చుండి చెప్పుకొను రాజకీయములను నడచుచు చెప్పుకొన్నచో రాజకీయములకు లోపము రాదు. మాటలాడుచు నడువగలిగినంత వేగమే తగినవేగమని వైద్యులును చెప్పుచున్నారు.

అన్నిటికంటె ముఖ్యము ప్రయోజనము. 1953లో జెరీ మారిస్ అను నాంగ్లవైద్యుడు లండన్‌లోని రెండంతస్తుల బస్సుల నుద్యోగులను పరిశీలించెను. దినమంతయు కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె, టిక్కెట్లకై మెట్లెక్కి దిగుచుండు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగ వచ్చినది. ఆ కండక్టర్లు వ్యాయామము చేయుచున్నామని యనుకొనలేదు, పని చేయుచుండిరి. ఇది కనుగొన్న మారిస్ తానును జీవితమంతయు వ్యాయామము వదలక, 2009లో 99వ యేట మరణించెను. కావున కూరగాయలు తెచ్చుట, మనుమనిని బడికి దిగబెట్టుట, మొక్కలకు నీరు పోయుట, చేను చూచివచ్చుట - వీనిని పెద్దలనుండి లాగుకొనరాదు. ఆ పనులే వారి యౌషధములు.

ఎంత చేయవలయునందురా? ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూత్రములనుబట్టి 65 ఏండ్లు దాటినవారు వారమునకు 150 మొదలు 300 నిమిషములవఱకు మితమైన శ్రమ చేయుట మంచిది; అనగా దినమునకు ఇరువది నిమిషములకు పైచిలుకు. దీనితోపాటు వారమున రెండుదినములైనను కండరబలమును పెంచు నభ్యాసములును, మూడుదినములు నిలుకడను పెంచు నభ్యాసములును ఉండవలెను. దినమునకు పదివేల యడుగులు వేయనిది ఫలము లేదనునదియు నిజము గాదు. ఆ సంఖ్య 1965 ప్రాంతమున జపానులో అమ్మిన యొక యడుగుల యంత్రపు పేరునుండి వ్యాపించినది. సగటున 72 ఏండ్లు గల స్త్రీలపై 2019లో ప్రకటించిన యొక పరిశోధనలో, దినమునకు 2,700 అడుగులు వేయువారికంటె 4,400 అడుగులు వేయువారిలో మరణములు తక్కువగ నుండెను. 7,500 దాటినపిదప అదనపులాభము కనబడలేదు. కొంచెమైనను, ఏమియు లేకుండుటకంటె మేలు.

బలమునకై యంత్రములు కొనవలసిన పనిలేదు. గట్టి కుర్చీలో కూర్చుండి చేతుల యూతలేక లేచుట, మరల మెల్లగ కూర్చుండుట; పదిసారులు చేయలేనివారు మూడుసారులు చేయవచ్చును. గోడ పట్టుకొని మునివ్రేళ్లపై లేచుట, ఒంటికాలిపై పదిలెక్కలు నిలుచుట, నీళ్లు నింపిన సీసాలను చేతులతో నెత్తుట - ఇవి చాలును. పడకకుర్చీని నిందించిన మేమే కుర్చీని వ్యాయామశాలగ మార్చుమనుచున్నాము!

అయితే హెచ్చరిక లేక యుత్సాహమును మాత్రమే బోధించుట తగదు. గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహము గలవారు వైద్యుని యడిగి ప్రారంభింపవలెను. కొద్దిగ నాయాసము వచ్చుట, తొలిదినములలో కండలు నొచ్చుట సహజము; వానిని రోగలక్షణములని బెదరరాదు. కాని రొమ్ములో నొప్పి, తలతిరుగుట, ఎన్నడు నెఱుగని యాయాసము కలిగినచో వెంటనే యాపి వైద్యుని చూడవలెను. చక్కెరవ్యాధికి మందులు వాడువారు జేబులో కొంచెము పంచదారయో బెల్లమో యుంచుకొనుట క్షేమము. రోహిణీకార్తె యెండలో నడుచుట శౌర్యము గాదు, అవివేకము. వానకాలమున నాచుపట్టిన పెరటిదారి శత్రువు. నీళ్లగదిలో గోడకొక పిడి బిగించుట కుమారుని ధర్మము.

స్త్రీలమాట వేఱుగ చెప్పవలసియున్నది. మన యిండ్లలో పెద్దామెకు షష్టిపూర్తి యైనను పడకకుర్చీ లభింపదు, పొయ్యి విడువదు. "ఆమె దినమంతయు పనిచేయుచునే యున్నది, ఆమెకు వ్యాయామమెందుకు?" అందురు. కాని వంగి, కూర్చుండి, యొకే గదిలో చేయు చాకిరి వేఱు. ఆరుబయట నిటారుగ, తన యిచ్చవచ్చినట్లు నడుచుట వేఱు. భర్త నడకకు పోవుచు, "నీవును రావోయి" అని యొకమాట పిలిచినచో ఆ యిరువది నిమిషములకు వంటయిల్లేమియు మునిగిపోదు. భర్తను గోల్పోయిన స్త్రీ యుదయమున నడకకు బయలుదేఱినచో చెవులు కొఱుకుకొను వీధులు నేటికిని గలవు. ఆ వీధులే ముందు సిగ్గుపడవలెను.

ప్రయోజనము మనుష్యుని కాళ్లకెట్టి బలము నిచ్చునో మన చరిత్రయే చెప్పుచున్నది. 1930 మార్చి 12న సబర్మతినుండి బయలుదేఱి గాంధీజీ దండికి సుమారు 240 మైళ్లు కాలినడకన పోవునప్పటికి వారికి 60 ఏండ్లు నిండియున్నవి; అనగా మనము పడకకుర్చీ వేయు వయస్సు. వెంటనున్న యువకులు వారి నడకను అందుకొనుటకు శ్రమపడిరి. అది యొకనాటి యావేశము గాదు. లండన్‌లో విద్యార్థిగ నున్ననాటినుండి యలవడిన నడక. 1951లో వినోబా భావే పౌనారునుండి హైదరాబాదు ప్రక్కనున్న శివరాంపల్లికి నడచివచ్చి, అచ్చటినుండి తెలంగాణా పల్లెలు తిరుగుచు ఏప్రిల్ 18న పోచంపల్లి చేరినప్పుడు ఆయనకు 55 ఏండ్లు. భూదానము నిమిత్తము ఆ నడక దేశమంతట పదుమూడేండ్లు సాగినది.

వీరు మహాత్ములు, మన మెక్కడ యందురేమో. పంజాబు పల్లెలో పుట్టిన ఫౌజా సింగ్ సామాన్యపు రైతు. కుమారుని మరణము కన్నులార చూచి, ఆ దుఃఖమును మఱచుటకై యింగ్లండులో పరుగు నభ్యసించి, 2000లో తన 89వ యేట లండన్ మారథాను పరుగెత్తెను. నూఱేండ్లు నిండినవని చెప్పబడిన 2011లో టొరాంటోలో ఆ 26 మైళ్ల దూరమును పూర్తిచేసెను. జన్మపత్రము లేనందున రికార్డు పుస్తకమువారు దాని నంగీకరింపలేదు. ఆయన పరుగునకు దానివలన లోపమేమియు రాలేదు. 2025 జూలైలో స్వగ్రామము చెంత రహదారి దాటుచుండగా వాహనము తగిలి మరణించునప్పటికి ఆయనకు 114 ఏండ్లని చెప్పుదురు. ఆయనను లేపినది ఆరోగ్యోపన్యాసము గాదు. కూర్చున్నచో దుఃఖము మ్రింగివేయునని యెఱిగి, లేచెను.

కావున కుమారులకు మా విన్నప మొకటి: తండ్రి చేతిలోని సంచిని లాగుకొనకుడు, కావలసినచో ప్రక్కన నడువుడు. తల్లిని కూర్చుండబెట్టుటయే గౌరవమని భ్రమింపకుడు. ఆమెను నిలువబెట్టునదియే గౌరవము. పెద్దలకు మా మనవి యింకొకటి: ఇతరుల చేయి పట్టుకొనక నీళ్లగదికి నడచిపోవుటలో నున్న స్వాతంత్ర్యము చిన్నది గాదు, దానిని పోగొట్టుకొన్నవారిని అడుగుడు. మీ యూరిలో మీకు మాత్రమే తెలిసిన హద్దురాయి యేదో యొకటి యుండియే తీఱును. అది చేను కావచ్చును, గుడి కావచ్చును, మనుమని బడి కావచ్చును. రేపటియుదయమున చెప్పులు తొడిగి దానిని చూచి రండు. మోకాలు గొణిగినను, మెల్లగ వెంట వచ్చును.